కట్టు వారిది, తీర్పు మనదా?

కైరో నగరమునకు దక్షిణమున తర్ఖాన్ అను చోట 1913వ సంవత్సరమున పెట్రీ పండితుడు త్రవ్వి తీసిన మురికిగుడ్డల మూటలో ఒక అవిసెనార చొక్కా అరువది ఏండ్లకు పైగా ఎవరి కంటను పడక దాగియుండి, 1977లో లండనులో ఆ మూటను విప్పి శుభ్రపరచినప్పుడు బయటపడినది. సన్నని కుచ్చులు దీర్చిన ఆ చొక్కాకు మోచేతుల కడ పడిన ముడుతలు, ఎవరో దానిని తొడిగి తిరిగిరని నేటికిని సాక్ష్యమిచ్చుచున్నవి. దాని వయస్సు ఐదువేల ఏండ్లకు పైబడినదని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. అంతటి నేతపని నేర్చిన ఈజిప్టు దేశముననే, పొలమున పనిచేయు శ్రామికులు మొలకు చిన్నగుడ్డతోను, పసిపిల్లలు దిసమొలతోను, రాణులు దేహచ్ఛాయ కనవచ్చు పలుచని వలువలతోను సమాధుల గోడలపై చిత్రింపబడిరి. వారినెవ్వరును అనాగరికులనలేదు, ఆ ఎండకు ఆ కట్టు తగినదేయని లోకము మెచ్చుకొన్నది. ఈ న్యాయమునే మన దేశములోని అండమాను దీవులకు వర్తింపజేయుటకు మాత్రము మనకు మనసు రాకున్నది.

ఏటేట సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురియు దీవులవి. అచ్చటి ఆదివాసులు బట్ట కట్టకున్నను అలంకారము లేనివారు కారు. ఓంగీ తెగ స్త్రీ నడుమున పసుపువన్నె నారతో కట్టిన కుచ్చు వ్రేలాడుచుండెడిది. భర్త ముఖమున తెల్లమట్టితో గీతలు దిద్దుట ఆమె పనిగా నుండెడిది. జారవా తెగ వేటగాడు చెట్టుబెరడును వెడల్పుగా రొమ్మునకు చుట్టి కవచముగా ధరించి, బాణములను అందులోనే దోపుకొనును. 1906 మొదలు 1908 వరకు ఆ దీవులలో పరిశోధన చేసిన రాడ్‌క్లిఫ్ బ్రౌన్ వ్రాసినదానినిబట్టి, అండమానీయులకు మట్టిపూతలలోను మర్యాద ఉండెడిది: పంది మాంసమో తాబేటి మాంసమో తిన్ననాడు ఒక తీరు, చావు మైల పట్టినవానికి ఒంటినిండ బంకమట్టి, మైల తీరిననాడు తెల్లమట్టితో దిద్దిన చిత్రరేఖలు. పెండ్లికి పట్టుబట్ట, మడికి తడిబట్ట అని వేరుపరచుకొన్న మనము దీనిని వేషధారణ కాదని ఏ ముఖముతో అనగలము?

1858లో ఆంగ్లప్రభుత్వము అచ్చట ఖైదీల వసతిని నెలకొల్పెను. 1863లో కార్బిన్ అను మతాచార్యుడు రాస్ ద్వీపమున అండమానీయులకొక గృహము తెరచి, వారిచేత బట్ట కట్టించి, పని చేయించి, ఇంగ్లీషు నేర్పించుటకు పూనుకొనెను. తడిసిన చర్మము క్షణములో ఆరును. తడిసిన చొక్కా ఒంటిని వీడక చలిని రొమ్ములోనికి దించును. బట్టయే వారిని చంపినదని అనుట అతిశయోక్తి యగును. వలసవచ్చిన రోగములే వారిని తుడిచిపెట్టినవి, 1877లో పొంగు ఒక్కటే అనేకులను పొట్టనబెట్టుకొన్నది. అయినను రోగమును బట్టయు దయ అను ఒకే వాకిలినుండి లోనికి వచ్చినవి. కొన్నివేలుగా నుండిన గ్రేట్ అండమానీయులు 1901 జనాభా లెక్కలలో 625 మందియు, 1961 నాటికి 19 మందియు మిగిలిరి.

దొరతనము ఆ దీవులలోనే మరియొక విధమున వస్త్రమును ఆయుధముగా వాడినది. సెల్యులార్ జైలులో ఖైదీ మెడకు ఇనుపకడియమున తగిలించిన కొయ్యబిళ్ళపై అతని శిక్షయు విడుదల సంవత్సరమును చెక్కబడియుండెడివి; 1911లో వచ్చిన సావర్కరు మెడలోని బిళ్ళ 1960 అని చూపినది. ఎదురు తిరిగినవానికి శిక్షగా గోనెపట్ట తొడిగించిరి. మన రంప మన్యపు వీరులును ద్వీపాంతరమున ఖైదీల దుస్తులు ధరించిరి; అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర ఆ శిక్షను దాటివచ్చి 1952లో లోకసభకు ఎన్నికయ్యెను. వనవాసికి అక్కరలేని బట్ట కట్టబెట్టిన చేయియు, దేశభక్తునకు గోనె తొడిగిన చేయియు ఒక్కటే. దీవులలో ఖైదీల వసతి వెలసిన కాలముననే తిరువాన్కూరు సంస్థానమున నాడార్ స్త్రీలు రొమ్ముపై బట్ట కప్పుకొనుటకే పోరాడి, 1859లో రాజశాసనము పొందవలసివచ్చెను. బట్ట కట్టించుటయు, కట్టనీయకుండుటయు, రెండును బలవంతుని పనులే.

దీనికి భిన్నమైన కథ నికోబారు దీవులది. నికోబారీయులు పూర్వము గోచి కట్టి, దాని కొసను వెనుకకు వ్రేలాడవిడిచెడివారు. పదునేడవ శతాబ్దమున ఆ వైపు వచ్చిన స్వీడను దేశపు నావికుడొకడు అచ్చటి మనుష్యులకు తోకలున్నవని వ్రాయగా ఐరోపా పండితులలో కొందరు నమ్మిరి కూడ! నేడు ఆ జనులు చొక్కాలు, లుంగీలు ధరించుచున్నారు. కారు నికోబారునకు చెందిన బిషప్ రిచర్డుసన్ వంటి తమవారి నాయకత్వమున, తమ క్రొత్త మతముతోను చదువుతోను పాటుగా వారు ఈ మార్పును చేసికొనిరి. ఇందు ఆక్షేపించుట కేమియు లేదు.

కాలము మారినది గదా, జారవాలకును బట్టలిచ్చి నాగరికులను చేయవలదా అని కొందరు ప్రశ్నింతురు. 1974 తరువాత వారికి బహుమానముగా ఇచ్చిన ఎఱ్ఱగుడ్డను వారు పోగులు పోగులుగా విప్పి తలకును మెడకును అలంకారములు చేసికొనిరి. ఇచ్చినవాని ఉద్దేశ మొకటి, పుచ్చుకొన్నవాని అభిరుచి మరియొకటి. నేడు వారిలో కొందరు చొక్కాయో నిక్కరో తొడుగుకొనుచున్న మాటయు నిజమే; కోరి కట్టుకొన్నచో అది వారి స్వాతంత్ర్యము. దోషమంతయు మన చూపులో నున్నది. పాతబట్టలు పంచి పుణ్యము గట్టుకొందునను యాత్రికుడొకడు. వారి నగ్నత్వమును ఫోనులో బంధించి తెత్తునను యాత్రికుడింకొకడు. తిండి ఆశ చూపి జారవా స్త్రీలచేత నాట్యమాడించిన దృశ్యములు 2012లో లోకమంతయు చూచి సిగ్గుపడినది. ఒకడు కప్పబోవును, ఒకడు విప్పి చూడబోవును. ఇరువురును ఆ మనిషి ఇష్టమేమని అడుగరు.

1956 నాటి ఆదివాసుల రక్షణ నిబంధనలు గలవు. జారవాల జీవితమున సాధ్యమైనంత తక్కువగా జోక్యము చేసికొనవలెనను 2004 నాటి విధానమును గలదు. ఉన్న శాసనమును అమలుపరచుటయే ప్రభుత్వము చేయవలసిన పని. బట్ట కావలెనని వారే అడిగినచో, శుభ్రమైనదానిని వైద్యసిబ్బంది చేతులమీదుగా ఇచ్చుట మేలు. ఆ దీవుల ముఖ్యపట్టణమైన పోర్టుబ్లెయిరును నేడు శ్రీవిజయపురమని పిలుచుచున్నారు. బెంగాలీ, తమిళములతో పాటు తెలుగు వినవచ్చు పట్టణమది, విశాఖనుండి ఓడ నడచు రేవది. అచ్చటికి పోయి బారాటాంగ్ గుహలు చూడగోరు మనవారు జిర్కాటాంగ్ తనిఖీద్వారము దాటి జారవాల అడవిలో ప్రవేశించిన పిదప బండి ఆపుమని డ్రైవరును వేధింపకుడు, ఫోను బయటకు తీయకుడు, కిటికీలోనుండి గుడ్డముక్కయైనను బిస్కత్తు పొట్లమైనను విసరకుడు.