పాత వాచీ చైన్‌ను పారేయకండి

పాత వాచీ మరమ్మతుకు వెళ్లిందంటే చాలాసార్లు ముందుగా పోయేది దాని స్టీల్ చైనే. "బాగా వదులైపోయింది సార్, కొత్తది వేసేద్దాం" అంటాడు మెకానిక్. యజమాని సరేనంటాడు. వాచీ తళతళలాడే కొత్త చైన్‌తో ఇంటికి వస్తుంది. పాతది దుకాణం సొరుగులోనో, తుక్కు డబ్బాలోనో ఉండిపోతుంది. లోపల తిరిగే యంత్రం, పైన కనిపించే డయల్, ఇవే వాచీ అని, చైన్ ఏదైతేనేం అని చాలామంది అనుకుంటారు. యాభై, అరవై ఏళ్ల కిందటి మంచి వాచీల విషయంలో ఈ అలసత్వం వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. ఒకసారి జరిగాక దాన్ని సరిదిద్దడమూ కష్టమే.

తెలుగువారి బీరువాల్లో అలాంటి వాచీలు ఇప్పటికీ దొరుకుతాయి. స్వాతంత్ర్యం వచ్చాక దశాబ్దాల పాటు విదేశీ వాచీల దిగుమతి మీద గట్టి ఆంక్షలు ఉండేవి. జపాన్‌కు చెందిన సిటిజన్ సహకారంతో 1961లో బెంగళూరులో వాచీల తయారీ మొదలుపెట్టిన హెచ్‌ఎంటీ సామాన్యుడి చేతికి గడియారం తొడిగింది. అయినా ఒమేగా, ఫావర్ లూబా, రాడో పేర్ల మీద మోజు మాత్రం తగ్గలేదు. కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమల నుంచి గల్ఫ్ వెళ్లినవారు సెలవులకు వస్తూ తెచ్చే సామాన్లలో వాచీ ఉండేది. అల్లుడికి పెట్టే లాంఛనాల్లోనూ దానికి చోటుండేది. 1962లో వచ్చిన రాడో డయాస్టార్‌కు టంగ్‌స్టన్ కార్బైడ్ కేసు ఉండేది. గీతలు పడని వాచీగా దానికి పేరు. దాని కేసు ఏళ్లు గడిచినా మెరుస్తూనే ఉంటుంది, వయసు కనిపించేది చైన్‌లోనే. దాంతో ముందు చైన్‌నే మార్చేస్తారు. కానీ ఆ చైన్ ఆ కేసు ఆకారానికి తగ్గట్టుగా చేసింది. బజార్లో దొరికే సాదా చైన్ దానికి అతకదు.

చైన్ తయారీ అసలు వాచీల పనికి అనుబంధంగా పుట్టింది కాదు, నగల పనివారి చేతుల్లో ఎదిగిన విద్య. 1835లో జెనీవాలో మొదలైన గే ఫ్రేర్ సంస్థ మొదట గొలుసులు చేసేది. చేతి వాచీల కాలం వచ్చాక పటెక్ ఫిలిప్, రోలెక్స్, జెనిత్, హోయర్ లాంటి పేరున్న సంస్థలకు చైన్లు చేసిపెట్టింది. 1969లో జెనిత్ తెచ్చిన ఎల్ ప్రిమెరో వాచీలకు నిచ్చెన మెట్ల మాదిరి చైన్ చేసింది కూడా ఈ సంస్థే. చివరికి 1998లో రోలెక్స్ దాన్ని కొనేసింది. చైన్‌ను బయటివారి మీద వదిలేయకూడదని, తన చేతిలోనే ఉండాలని అంత పెద్ద కంపెనీ అనుకుందంటే దాని విలువ ఏపాటిదో తెలుస్తూనే ఉంది.

1972లో ఒడెమార్ పిగే విడుదల చేసిన రాయల్ ఓక్ ఇందుకు ఇంకా పెద్ద ఉదాహరణ. జెరాల్డ్ జెంటా గీసిన ఆ నమూనాలో కేసు ఎక్కడ ముగిసిందో, చైన్ ఎక్కడ మొదలైందో వేరు చేసి చెప్పలేం. లింకులు కేసు వెడల్పుతో మొదలై కొలికి దాకా క్రమంగా సన్నబడుతూ వస్తాయి. ఆ చైన్లు చేసింది కూడా గే ఫ్రేరే. అలాంటి వాచీ నుంచి చైన్‌ను తీసేస్తే మిగిలేది సగం వస్తువే.

రోలెక్స్ సంగతి చూస్తే చైన్ చదవదగ్గ పత్రం అని అర్థమవుతుంది. 1945లో కంపెనీ నలభయ్యేళ్ల వేడుకకు డేట్‌జస్ట్‌తో పాటు జూబిలీ చైన్ వచ్చింది. 1956లో డే-డేట్‌తో ప్రెసిడెంట్ చైన్ వచ్చింది. ఆయ్‌స్టర్ చైన్ మాత్రం కాలంతో పాటు మారుతూ వచ్చింది. 1950, 60లలో పక్కల రివెట్ల తలలు కనిపించే 7206 నంబరు చైన్ ఉండేది. తర్వాత పలుచని రేకును మడిచి చేసిన 7836 వచ్చింది. 1970ల రెండో సగంలో గట్టి లింకులతో 78360, 93150 వచ్చాయి. ఈ నంబరు చైన్ మీదే చెక్కి ఉంటుంది. కేసుకు ఆనుకునే చివరి లింకు మీద మరో నంబరు ఉంటుంది. కొలికి లోపల పాతవాటిలో ఏ ఏడాది, ఎన్నో త్రైమాసికం అన్నది అంకెల్లో ఉంటుంది. 1976 నుంచి ఏడాదికో అక్షరం వాడారు. సర్వీసులో మార్చిన కొలికిపై 'ఎస్' అన్న అక్షరం కొట్టేవారు. అంటే తాము మార్చినదాన్ని మార్చినట్టుగానే కంపెనీ గుర్తుపెట్టింది. పాత వాచీలతో పని ఉన్న ప్రతి దుకాణమూ నేర్చుకోవలసిన పద్ధతి ఇది.

ఇంతకీ చైన్ ఎందుకు వదులవుతుంది? స్టీలు సాగదు, అరుగుతుంది. పాత చైన్లలో లింకులు బోలుగా ఉంటాయి, వాటిని కలిపే పిన్నులు సన్నగా ఉంటాయి. చెమటలో కలిసిన దుమ్ము ఆ సందుల్లో చేరి, చేయి కదిలినప్పుడల్లా గరుకు కాగితంలా రాపిడి పెడుతుంది. రంధ్రాలు కోలగా మారతాయి, పిన్నుల నడుము సన్నబడుతుంది. ఎండాకాలమంతా చెమట పట్టే మన వాతావరణంలో ఇది మరింత త్వరగా జరుగుతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీర పట్టణాల్లో ఉప్పుగాలి కూడా తోడవుతుంది. వాచీని పక్కకు తిప్పి అడ్డంగా పట్టుకుంటే చైన్ ఎంత కిందికి వాలుతుందో చూడండి. అరుగుదల ఎంతో అక్కడే తెలిసిపోతుంది.

వదులైన చైన్లన్నీ పనికిరానివి కావు. కొన్నింటికి కావలసింది శుభ్రం చేయడమే. చైన్‌ను వాచీ నుంచి విడదీసి, గోరువెచ్చని నీళ్లు, తేలికపాటి సబ్బు, మెత్తని బ్రష్షుతో కడిగితే ఏళ్ల నాటి మట్టి వదులుతుంది. విడదీయకుండా కడగకూడదు. పాత వాచీల్లో రబ్బరు సీళ్లు ఎండిపోయి ఉంటాయి, నీరు లోపలికి పోతుంది. వదులు ఎక్కువగా ఉంటే కొత్త పిన్నులు వేయించవచ్చు, అరిగిన రంధ్రాల్లో సన్నని గొట్టాలు దించి బిగింపు తేవచ్చు. విదేశాల్లో లేజర్ వెల్డింగ్‌తో పాత లింకులకు ప్రాణం పోసే నిపుణులు ఉన్నారు. నగల పనిలో చేయి తిరిగినవారు మన పట్టణాల్లో ఎందరో ఉన్నారు. వాచీ మెకానిక్‌లు వారితో కలిసి పనిచేస్తే ఈ పని ఇక్కడా సాధ్యమే. మార్చడం ఐదు నిమిషాల పని, బాగుచేయడం ఓపిక కావలసిన పని. ఆ ఓపికకు తగిన కూలి ఇవ్వడానికి యజమాని కూడా సిద్ధపడాలి.

మార్చక తప్పని పరిస్థితి రావచ్చు. లింకు విరిగి, బాగుచేయడానికి వీల్లేని చైన్‌తో వాచీ చేతి నుంచి జారిపడితే ప్రమాదమే. అప్పుడు ఎంపికలో మొదట చూడాల్సింది అందం కాదు, కొలత. కేసుకున్న కొమ్ముల మధ్య దూరం మిల్లీమీటరు తేడా వచ్చినా చైన్ కుదరదు. ఒమేగా స్పీడ్‌మాస్టర్‌నే చూడండి. 105.003 నమూనాకు ఆ దూరం 19 మి.మీ., తర్వాతి 105.012కు 20 మి.మీ. పేరు ఒకటే అని ఒకదాని చైన్ ఇంకొకదానికి పెడితే సందు మిగులుతుంది, లేదా బలవంతంగా నొక్కాల్సి వస్తుంది. ఇక స్ప్రింగ్ పిన్ను. రంధ్రానికి తగిన మందం లేని పిన్ను లోపల ఆడుతుంది, ఒకరోజు జారిపోతుంది. మూడోది చివరి లింకు. పాత వాచీలకు బోలు లింకులు ఉండేవి. వాటి స్థానంలో ఇప్పటి గట్టి ఇనుప ముద్దలాంటి లింకును ఇరికిస్తే అది కొమ్ముల లోపలి వైపును కోసేస్తుంది. చైన్‌ను మళ్లీ మార్చుకోవచ్చు, కోసుకుపోయిన కేసును వెనక్కి తేలేం. పాలిష్ విషయంలోనూ ఇదే హెచ్చరిక వర్తిస్తుంది. కొత్త చైన్ మెరుపుకు సరిపోవాలని పాత కేసును అరగదీయించకూడదు. కొత్తగా కొనే చైన్ 316ఎల్ స్టీలుదైతే మేలు. అందులోని మాలిబ్డినం చెమటలోని ఉప్పును తట్టుకుంటుంది.

అసలు చైన్ లేకపోతే వాచీకి విలువే లేదనే మరో వాదన కూడా ఉంది. అది కూడా నిలవదు. నటుడు పాల్ న్యూమన్‌కు భార్య జోన్ వుడ్‌వర్డ్ కానుకగా ఇచ్చిన రోలెక్స్ డేటోనా 2017 అక్టోబరు 26న న్యూయార్క్‌లో ఫిలిప్స్ వేలంలో కోటీ 77 లక్షల డాలర్లకు పైగా పలికింది. అప్పుడు దానికి ఉన్నది స్టీల్ చైన్ కాదు, వెడల్పాటి తోలు పట్టీ. 1965లో నాసా అంతరిక్ష యాత్రలకు అర్హత ఇచ్చిన స్పీడ్‌మాస్టర్‌ను వ్యోమగాములు స్పేస్ సూట్ పైనుంచి కట్టుకోవడానికి పొడవైన వెల్క్రో పట్టీలు వాడారు. ఆ మార్పులు ఎవరు, ఎందుకు చేశారో లోకానికి తెలుసు. అందుకే అవి ఆ వాచీల చరిత్రలో భాగమయ్యాయి. తెలిసేలా చేసిన మార్పు వాచీకి హాని చేయదు. దాచిన మార్పే దాని మీద నమ్మకాన్ని తీసేస్తుంది.

అమ్మకాల్లో ఈ దాపరికం బాగా పెరిగింది. ఒక కాలపు వాచీకి మరో కాలపు చైన్ తగిలించి, మొత్తం ఒరిజినలే అని అమ్మేవారున్నారు. నకిలీ చైన్ల మీద అసలు నంబర్లు కొట్టేవారూ ఉన్నారు. హెచ్‌ఎంటీ వాచీల తయారీ సంస్థ మూసివేతకు 2016లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఆ తర్వాత పాత హెచ్‌ఎంటీలకు గిరాకీ పెరగడంతో డయళ్లకు కొత్త రంగులు వేసి అరుదైన నమూనాలుగా అంటగట్టడం చూస్తున్నాం. వెయ్యి రూపాయల వాచీలోనే ఇంత జరుగుతుంటే లక్షల విలువ చేసే స్విస్ వాచీల సంగతి ఊహించుకోవచ్చు. కొలికి మీద 1980ల అక్షరం, కేసు మీద 1960ల సీరియల్ నంబరు ఉంటే అది మోసమనే అనుకోనక్కర్లేదు. మధ్యలో ఎప్పుడో నిజాయతీగా మార్చి ఉండవచ్చు. కానీ అమ్మేవాడు ఆ మాట ముందే చెప్పాలి, ధరలోనూ ఆ తేడా కనిపించాలి.

హైదరాబాద్, విజయవాడ, విశాఖలో పాత వాచీలతో వ్యాపారం చేసేవారు మార్పును దాచకుండా రాసిపెట్టే పద్ధతిని రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు. చైన్ నంబరు, చివరి లింకు నంబరు, కొలికి లోపలి గుర్తు బిల్లు మీద రాయాలి. ఏ భాగం మార్చారో అదే బిల్లులో ఉండాలి. తీసేసిన ప్రతి లింకునూ, ప్రతి పిన్నునూ చిన్న కవరులో పెట్టి యజమానికి తిరిగివ్వాలి. యజమానులు కూడా వాచీ ఇచ్చేటప్పుడే ఫోన్లో చైన్ లోపల, బయట ఫొటోలు తీసుకోవాలి. పాత చైన్ తమకు తిరిగి కావాలని రసీదు మీద రాయించుకోవాలి. అరిగిపోయినా సరే ఆ చైన్ వాచీతో పాటే ఇంట్లో ఉండాలి. రేపు దాన్ని బాగుచేయగల పనివాడు దొరకవచ్చు, లేదా ఆ వాచీ మనవడి చేతికి వెళ్లినప్పుడు అతనే దాన్ని బాగుచేయించుకోవాలని అనుకోవచ్చు.