రాళ్లబాటపై వనితల పందెము

ఫ్రాన్సుదేశపు ఉత్తరభాగమున ఏటేట వసంతకాలమున జరుగు పారిస్–రూబే సైకిలు పందెమును గూర్చి ఈ మాసమున ముచ్చటింతము. ఆటలసంగతి మనకేల యని పుట త్రిప్పివేయకుడు. ఒక్కదినములో ముగియు ఈ పందెమును చూచుట నాకెంతయో ప్రియము. అందులకు కారణము వినుడు.

రూబే నేతమిల్లులకు పేరొందిన పట్టణము. అచ్చటి మిల్లుయజమానులిరువురు తాము కట్టించిన సైకిలు పందెపు మైదానమునకు ప్రఖ్యాతి తెచ్చుటకై 1896లో దీనిని నెలకొల్పిరి. 1919లో, మహాయుద్ధమున పాడుపడిన ఆ సీమను చూచి పత్రికలవారు దీనికి ‘ఉత్తరపు నరకము’ అని పేరిడిరి. ఆ పేరు నేటికిని పోలేదు.

దీని విశేషమంతయు బాటలోనే కలదు. పూర్వము బండ్లకొరకై పొలములనడుమ పరచిన రాళ్లపై సైకిళ్లు పరుగిడవలెను. ఎండ కాచిన దుమ్ము, వాన కురిసిన బురద. ఎంతటి బలముగలవారైనను టైరు పగిలినచో వెనుకబడుదురు. అందుచే తుదివరకు గెలుపెవరిదో తెలియదు.

చూచువారు రెండు సంగతులు గమనింపవలెను. రాళ్లబాట సమీపించుచుండగా అందరును ముందువరుసకై త్రొక్కిసలాడుదురు. ముందువారు పడినచో వెనుకవారికి దారి మూసికొనిపోవును. రాళ్లపై ప్రవేశించినపిదప అంచుననుండు సన్నని మట్టిదారిని ఎవరు కనిపెట్టుదురో చూడుడు.

పురుషులకు 1896 నుండియు గల ఈ పందెము స్త్రీలకు 125 సంవత్సరములు లేకపోయినది. తుదకు 2021 అక్టోబరు 2వ తేదీన వారి తొలిపందెము జరిగెను. సుమారు 116 కిలోమీటర్ల దూరములో 29 కిలోమీటర్లు రాళ్లబాటయే. ఇంగ్లండు వనిత లిజ్జీ డేగ్నన్ గమ్యమింకను 80 కిలోమీటర్లుండగనే ఒంటరిగ ముందునకు సాగెను. ఆమె 2018లో తల్లియై, మరుసటి యేడే పందెములకు మరలివచ్చినది. చేతితొడుగులు లేకుండుటచే అరచేతులు చిట్లి హేండిలు రక్తముతో తడిసినను ఆమె వేగము తగ్గింపలేదు. రెండవస్థానము పొందిన మరియానా వోస్ ఆమెకంటె 1 నిమిషము 17 సెకండ్లు ఆలస్యముగ చేరెను.

గెలిచినవారికి ఆ బాటరాయియే బహుమానము. ధనము మాటయన్ననో, డేగ్నన్‌కు లభించినది 1,535 యూరోలు. మరునాడు గెలిచిన పురుషునికి 30,000. రాళ్లు ఇరువురికిని ఒకేవిధముగ గ్రుచ్చుకొన్నవి కదా!

మరుసటి సంవత్సరమునుండి వనితల పందెమును వసంతముననే జరుపుచున్నారు. నాకు మిక్కిలి యిష్టమైనది 2023 నాటిది. ప్రారంభముననే కొందరు విడివడి ముందునకు పోగా, పేరుపొందినవారు తరువాత పట్టుకొనవచ్చునని యుపేక్షించిరి. పిదప ఎంత తరిమినను పట్టలేకపోయిరి! ఆ ముందుపోయిన గుంపులోని కెనడా వనిత ఆలిసన్ జాక్సన్ తుదిపరుగున గెలిచి, మైదానములోనే నాట్యమాడెను. 2025లో పోలీన్ ఫెర్రాఁ-ప్రెవో గెలిచి, ఫ్రాన్సుదేశమునకు ఈ వనితల పందెమున తొలి విజయము తెచ్చినది.

అచ్చట అపరాహ్ణమగునప్పటికి మనకు సాయంకాలము. ఈ యేప్రిలులో వీలుచిక్కినచో మీ కుమార్తెలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని చూడుడు. మీ యింటి బాలిక తానును సైకిలు నేర్చుకొందునని యడిగినచో, పడుదువేమోయని వారింపకుడు. ఆ రాళ్లపై పడనివారరుదు. లేచి మరల త్రొక్కినవారే రూబే చేరుదురు.