ప్రాణం తియ్యదు, కూలి తీస్తది

పొద్దున ఆరింటికి ఇస్నాపూర్ అడ్డా మీద ఒక హమాలీ అన్న అంగీ గుండీలు విప్పి భుజం చూపించాడు. మెడ దిగువన, బస్తా ఆనే చోట, నిమ్మకాయంత గడ్డ. "నొప్పి లేదు సారూ. కాని మేస్త్రీ చూసిండు. నీకేదో రోగముంది, రేపట్నుంచి రాకు అన్నడు." పదిహేనేండ్లు బస్తాలు మోయించుకున్న గేటు, ఆ బస్తాల గుర్తు కనపడంగనే మనిషిని బయటికి తోసింది.

మా నాయనకూ ఉండేది అలాంటి గడ్డ. సదాశివపేట గంజిలో క్వింటాలు సంచులు మోసేటోడు. చిన్నప్పుడు ఆయన భుజమెక్కితే చేతికి మెత్తగా తగిలేది. నాయనలందరికీ ఉంటదనుకున్నా. అంగీ లేకుండా అరుగు మీద కూచున్న పటేలు నున్నటి భుజం చూశాకనే తెలిసింది, అందరికీ ఉండదని.

ఈ గడ్డలేమిటో ముందు తెలుసుకుందాం. చర్మానికీ ఎముకకూ మధ్య రాపిడి తగ్గించడానికి శరీరంలో చిన్న తిత్తులుంటాయి. ఒకే చోట రోజూ ఒత్తిడి పడితే ఆ తిత్తి వాచి నీరు పడుతుంది. తిత్తి లేని చోట కొత్తది పుడుతుంది. మోకాళ్ళ మీద కూచొని గచ్చు తోమేవాళ్ళకు మోకాటి చిప్ప మీద, మోచేయి ఆనించి పనిచేసేవాళ్ళకు మోచేతి మీద, మోతగాళ్ళకు భుజం మీద వచ్చేది ఇదే. మణికట్టు మీద లేచే గట్టి బుడిపె వేరు. అది కీలు దగ్గర జిగురు నిండిన తిత్తి. చాలామందికి దానంతటదే పోతుంది. చర్మం కింద మెత్తగా జారే కొవ్వుగడ్డ ఇంకొకటి. అన్ని గడ్డలూ బరువు వల్లనే వస్తాయని మేం అనడం లేదు. కొవ్వుగడ్డలు కొన్ని కుటుంబాల్లోనే ఎక్కువ. మణికట్టు బుడిపెకు పనే కారణమని గట్టిగా తేలలేదు. కాని రాపిడి తిత్తుల సంగతి అట్లా కాదు. వాటికి పనే కారణమని వైద్యులు ఎప్పుడో ఒప్పుకున్నారు.

1700లో ఇటలీలో రామజ్జినీ అనే వైద్యుడు కార్మికుల రోగాల మీద పుస్తకమే రాశాడు. రోగిని "నీ పనేంది" అని తప్పక అడగాలన్నాడు. ఇంగ్లీషు డాక్టర్లు ఈ తిత్తులకు పనిమనిషి మోకాలు, గనికార్మికుని మోచేయి, నేతగాని పిర్ర అని పేర్లు పెట్టారు. ఆ పేర్లలో పని ఉంది. మన ఊళ్ళలో పెట్టే పేర్లలో ఏముంది? దిష్టి, శాపం, పోయిన జన్మ పాపం. పని పేరు చెప్తే పని చేయించుకున్నోడు బయటపడతడు. పాపం పేరు చెప్తే మోసినోడే దోషి అయితడు.

చట్టం సంగతి చూద్దాం. బొగ్గు గనుల్లో వాచిన మోకాలికీ, మోచేతికీ బ్రిటన్ 1907లోనే నష్టపరిహారం ఒప్పుకుంది. అదే బ్రిటిషోళ్ళు 1923లో మనకు కార్మిక నష్టపరిహార చట్టం తెచ్చారు. దాని మూడో షెడ్యూలులో సీసం, పాదరసం, బెంజీన్ విషాల రోగాలుండేవి, మోకాటి తిత్తి ఉండేది కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లో సవరించిన వృత్తి రోగాల జాబితాలో మోకాటి తిత్తి, మోచేతి తిత్తి పేర్లతో సహా ఉన్నాయి. మన దేశం పాత చట్టాలు కలిపి 2020లో కోడ్లు చేసింది, 2025 నవంబరు 21న అమలులోకి తెచ్చింది. జాబితా మాత్రం దాదాపు పాతదే. వందేండ్లుగా మన మోకాళ్ళు చట్టం కంటికి ఆనలేదు.

ఎందుకు ఆనలేదు? ఆ మోకాళ్ళు ఎవరివో చూడండి. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, ఏ పారిశ్రామికవాడకైనా పోండి. ఏసీ గదిలో కంప్యూటర్ ముందు ఎవరున్నారు? డ్రమ్ములు దొర్లించేది, బస్తాలెత్తేది, గచ్చు కడిగేది ఎవరు? మాల మాదిగ వాడల నుంచి వచ్చినోళ్ళు, తండాల నుంచి వచ్చినోళ్ళు, ఒడిశా నుంచీ బీహారు నుంచీ బతకవచ్చిన మనలాంటోళ్ళే ఎక్కువ. కులం పనిని కాదు, పనిచేసే మనుషుల్నే మెట్లు మెట్లుగా విడగొట్టిందని బాబాసాహెబ్ 1936లోనే తేల్చాడు. ఊరి వెట్టి ఫ్యాక్టరీ గేటు దాటి లోపలికి వచ్చింది, పేరు కాంట్రాక్టు కూలి అయింది, అంతే.

2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి ఫ్యాక్టరీ పేలి నలభై మందికి పైగా చనిపోతే మంత్రులొచ్చారు, కెమెరాలొచ్చాయి. చచ్చినోళ్ళ లెక్క కోసమే అన్ని రోజులు కొట్లాడాల్సి వచ్చింది. మరి రోజుకింత అరిగిపోయేటోళ్ళ లెక్క ఎవరు రాస్తరు? "ఇది అపాయం లేని గడ్డ" అని డాక్టరు చీటీ రాస్తడు. నిజమే, ప్రాణానికి అపాయం లేదు. కోయించుకుంటే పోయే రోజుల కూలికి? మేస్త్రీ వద్దన్న పనికి? పిల్ల ఫీజుకి? ప్రాణం తీస్తేనే రోగమా?

మన వాళ్ళకు ఒక మాట. గడ్డ మీద వాతలు పెట్టించకండి, సూదితో పొడిపించుకోకండి, చీము పట్టి చెయ్యే పోతది. గడ్డ నిమ్మకాయను మించినా, తొందరగా పెరుగుతున్నా, రాయిలా గట్టిగా లోతుగా ఉన్నా, నొప్పి మొదలైనా ఆలస్యం చేయొద్దు. పెద్దాసుపత్రిలో పరీక్ష చేయించాలి, వాటిలో కొన్ని క్యాన్సర్ కావచ్చు. చీటీలో మీరు చేసే పని, ఎన్నేండ్లుగా చేస్తున్నారో రాయమని డాక్టరును అడగండి. ఆ ఒక్క వాక్యమే రేపు మీ సాక్ష్యం.

ప్రభుత్వాన్ని మేం అడిగేది దయ కాదు. రాపిడి తిత్తులను వృత్తి రోగాల జాబితాలో చేర్చాలి. కాంట్రాక్టు కూలీల చేతికి ఈఎస్ఐ కార్డు రావాలి, కోత పడిన రోజులకు కూలి రావాలి. శరీరానికి హాని చేసే బరువు ఎత్తించవద్దని 1948 ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షన్ ఏనాడో చెప్పింది. మగవాళ్ళకైనా 55 కిలోలు దాటొద్దని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సూచించింది. బస్తా బరువు తగ్గించాలి, తోపుడు బండ్లు ఇవ్వాలి. గడ్డ చూసి పని తీసేసిన ప్రతి గేటు ముందు సంఘం నిలబడాలి.

అంబేడ్కర్ కార్మిక శాఖ చూసిన కాలంలో, 1946లో, ఫ్యాక్టరీ పని వారానికి 54 గంటల నుంచి 48కి దిగింది. గంటలు తగ్గించడం సాధ్యమైనప్పుడు కిలోలు తగ్గించడం ఎందుకు సాధ్యం కాదు?

ఆ హమాలీ అన్న అంగీ గుండీలు పెట్టుకొని మళ్ళీ అడ్డా మీద నిలబడ్డాడు. గడ్డ కనపడకుండా భుజం మీద తువ్వాల కప్పుకున్నాడు. కప్పుకోవాల్సింది ఆయన కాదు. ఆ తువ్వాల తీయించడమే మన పని.

జై భీమ్!