కఫీల్ అంటే యజమాని కాదు

మదర్సాలో అరబీ నేర్చుకునే పిల్లలకు 'కఫాలత్' అనే మాట తొలి సంవత్సరాల్లోనే ఎదురవుతుంది. ఒకరి పోషణకు, రక్షణకు పూచీ వహించడం అని దాని అర్థం. హజ్రత్ మర్యమ్ (అలై) సంరక్షణ భారం హజ్రత్ జకరియ్యా (అలై)కు అప్పగించబడిన సంగతిని దివ్యఖుర్ఆన్ ఈ మాటతోనే తెలియజేసింది. అనాథను సాకే వ్యక్తి స్వర్గంలో తనకు రెండు వేళ్లంత చేరువలో ఉంటాడని శుభవార్త వినిపించినప్పుడు దైవప్రవక్త (స) ఆ వ్యక్తిని 'కాఫిల్' అనే పిలిచారు. అంతటి కారుణ్యం నిండిన మాట అది.

అదే మాట నేడు మన ఇళ్లలో ఎలా వినబడుతోంది? "కఫీల్ పాస్‌పోర్టు ఇవ్వడం లేదు", "కఫీల్ నాలుగు నెలలుగా జీతం ఇవ్వలేదు", "కఫీల్ ఫోను లాక్కున్నాడు". రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుంచి, గోదావరి జిల్లాల నుంచి, హైదరాబాదు పాతబస్తీ నుంచి కువైట్, సౌదీ, ఒమన్ దేశాలకు ఇంటిపనికి వెళ్లిన స్త్రీల కుటుంబాలకు ఈ మాటలు కొత్త కావు. అక్కడ వారిని 'ఖద్దామా' అంటారు. వంట, అంట్లు మాత్రమే కాదు, మంచం పట్టిన వృద్ధులకు స్నానం చేయించడం, వేళకు మందులు వేయడం, పసిపిల్లలను పెంచడం కూడా వారి పనే. ఎవరి తల్లికో సేవ చేయడానికి తమ తల్లిని, తమ బిడ్డను ఇక్కడ వదిలి వెళ్తారు. అలా సేవ చేసే మనిషి బాగోగులకు పూచీ ఎవరు?

అరబీ చదవగలమని కొందరు కాగితాలు పట్టుకుని మా దగ్గరకు వస్తుంటారు. కొన్నేళ్ల క్రితం ఒక సోదరి వచ్చింది. "ఒక్క ముసలమ్మను చూసుకుంటే చాలు" అని ఏజెంటు ఆమెకు చెప్పాడట. కాగితంలో ముసలమ్మ ప్రస్తావనే లేదు, ఇంటి పనిమనిషి అని మాత్రం ఉంది. నోటితో చెప్పిన జీతానికి, కాగితంలో రాసిన జీతానికి పొంతన లేదు. ఆ సంగతి మేము వివరించేసరికే టికెట్ ఆమె చేతిలో ఉంది, నగలు తాకట్టులో ఉన్నాయి. "ఇప్పుడు ఆగిపోతే వడ్డీ ఎవరు కడతారు మౌల్వీ సాబ్?" అని అడిగింది. మా దగ్గర జవాబు లేకపోయింది. ఆమె వెళ్లింది. రెండేళ్లకు తిరిగి వచ్చింది గాని, ఆఖరి ఏడు నెలల జీతం మాత్రం రాలేదు. ఆ రోజు జవాబు చెప్పలేకపోయాము గనుకనే ఈ రోజు ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

బానిసత్వం అనగానే మనకు సంకెళ్లు, సంతలు గుర్తుకొస్తాయి. నేటి బానిసత్వానికి అవేవీ అక్కర్లేదు, మూడు ముడులు చాలు. మొదటిది అప్పు. వెళ్లకముందే మెడకు పడుతుంది. రెండవది కాగితం. వీసా, అకామా కఫీల్ పేరుతో ముడిపడి ఉంటాయి. పాస్‌పోర్టు అతని బీరువాలో ఉంటుంది. హింస భరించలేక ఇల్లు దాటితే పారిపోయిందని ఫిర్యాదు చేస్తాడు. అంతటితో బాధితురాలే నేరస్తురాలవుతుంది. మూడవది మూసిన తలుపు. ఫ్యాక్టరీకి తనిఖీ అధికారి వెళ్తాడు. ఇంటి నాలుగు గోడల మధ్య ఏం జరిగేదీ ఎవరు చూస్తారు? గుర్తింపు పత్రాలు లాక్కోవడం, జీతం ఆపడం, అప్పుతో కట్టివేయడం, ఎవరితోనూ కలవనీయకపోవడం వంటి 11 గుర్తులను అంతర్జాతీయ కార్మిక సంస్థ వెట్టిచాకిరీకి ఆనవాళ్లుగా పేర్కొన్నది. మనం 'కష్టాలు' అని సరిపెట్టుకునే వాటికి అసలు పేరు అది.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. కువైట్ 2015లో ఇంటి పనివారి కోసం ప్రత్యేకంగా 68వ నంబరు చట్టం చేసింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించరాదని, వారానికొక సెలవు ఇవ్వాలని, పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోరాదని అందులో ఉంది. 2016లో కనీస వేతనం 60 దినార్లుగా నిర్ణయించారు. ఇంటి పనివారి హక్కులపై 2011లో 189వ అంతర్జాతీయ ఒడంబడిక వచ్చింది. దానిని గల్ఫ్ దేశాలు ఆమోదించలేదు. మన దేశమూ ఆమోదించలేదన్నది గమనార్హం. చట్టం పుస్తకంలో ఉన్నా, తాళంచెవి కఫీల్ జేబులో ఉన్నంతకాలం ఫలితం అంతంత మాత్రమే.

ఇది అరబ్బు దేశాల జబ్బు మాత్రమే అనుకోవడం కూడా పొరపాటే. బానిసత్వ నిరోధానికి 2015లోనే చట్టం చేసుకున్న బ్రిటన్, వృద్ధుల సేవకు మనుషులు చాలక 2022 ఫిబ్రవరిలో కేర్ వర్కర్లకు వీసా ద్వారం తెరిచింది. అక్కడ కఫీల్‌ను 'స్పాన్సర్' అంటారు. లక్షలు చెల్లించి వెళ్లిన ఎందరికో అక్కడ పనే లేకపోయింది. ఉన్న చోట కూడా చెప్పిన గంటలు, చెప్పిన జీతం దక్కలేదు. నోరు విప్పితే స్పాన్సర్ పోతాడని, కొత్త స్పాన్సర్‌ను వెతుక్కోవడానికి 60 రోజులే గడువు ఉంటుందని భయం. 2022 జులై నుంచి 2024 డిసెంబరు వరకు 470కి పైగా సంస్థల అనుమతులు రద్దయ్యాయి. ఆ సంస్థలతో ముడిపడిన కార్మికులు 39 వేలకు పైమాటే. చివరికి 2025 జులైలో విదేశాల నుంచి కొత్తగా కేర్ వర్కర్లను తీసుకోవడమే ఆపివేశారు. దేశం మారినా, భాష మారినా ముడి ఒక్కటే. పనివారి బ్రతుకు ఒకే యజమాని సంతకంపై ఆధారపడితే దోపిడీకి దారి తెరిచినట్టే.

"అరబ్బులు మన ధర్మంవారే కదా, అన్యాయం చేస్తారా?" అని అమాయకంగా అడిగేవారున్నారు. మంచి కఫీళ్లు లేకపోలేదు. పనిమనిషిని కూతురిలా చూసుకున్న ఇళ్ల గురించి కూడా మేము విన్నాము. కాని కలిమా చదవడం జీతానికి హామీ పత్రం కాదు. కూలివాని చెమట ఆరకముందే కూలి ఇవ్వాలని, మన చేతి కింద పనిచేసేవారు మన సోదరులేనని, మనం తినేదే వారికి పెట్టాలని, శక్తికి మించిన పని చెప్పరాదని ప్రవక్త (స) ఆదేశించారు. పని పూర్తిగా చేయించుకుని కూలి ఎగ్గొట్టినవాడిపై ప్రళయదినాన స్వయంగా అల్లాహ్‌యే ప్రతివాదిగా నిలబడతాడని బుఖారీ గ్రంథంలోని హదీసు తెలుపుతోంది. స్వేచ్ఛగల మనిషిని అమ్మి సొమ్ము తిన్నవాడు కూడా ఆ వరుసలోనే ఉన్నాడు. ఇక్కడి దళారులు ఈ హదీసు వినాలి.

మరి మనమేం చేయాలి? ముడి పడకముందే విప్పాలి. పదో తరగతి పాస్ కాని వారి పాస్‌పోర్టుపై గల్ఫ్‌కు పనికి వెళ్లాలంటే ప్రభుత్వ క్లియరెన్సు తప్పనిసరి. అటువంటి స్త్రీకి 30 ఏళ్లు నిండాలి. వారిని పంపే అధికారం ప్రైవేటు ఏజెంట్లకు లేదు, ప్రభుత్వ సంస్థలకే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ ఉన్నాయి. "ముందు విజిట్ వీసా మీద దుబాయ్ వెళ్లు, అక్కడి నుంచి మేము చూసుకుంటాం" అన్నవాడు ఈ రక్షణలన్నింటినీ తప్పిస్తున్నాడని గ్రహించండి. ఒప్పంద పత్రాన్ని టికెట్ కొనకముందే చదివించుకోండి. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం నకళ్లు ఇంట్లో ఉంచండి. ప్రవాసీ భారతీయ బీమా తీసుకున్నారో లేదో అడగండి. వారం వారం ఫోను రావాలని ముందే మాట తీసుకోండి, రాకపోతే ఊరుకోకండి. ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం 1800 11 3090 నంబరుకు ఇక్కడి నుంచి ఉచితంగా ఫోను చేయవచ్చు.

మసీదు కమిటీలకు మా విన్నపం ఒకటున్నది. జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాల్లో బానిస విముక్తి ఉంది, అప్పుల్లో చిక్కినవారు కూడా ఉన్నారు. వడ్డీ భయంతో విమానం ఎక్కబోతున్న ఒక తల్లి అప్పు తీర్చడానికి బైతుల్‌మాల్ ఎందుకు ముందుకు రాకూడదు? ఆ సోదరి మమ్మల్ని అడిగిన ప్రశ్నకు ఇదే జవాబని మేము ఇప్పుడు నమ్ముతున్నాము.

చివరిగా, వేలు మనవైపు కూడా తిప్పుకుందాం. మన అమ్మీజాన్‌కు రాత్రింబవళ్లు సేవ చేసే ఆయాకు వారంలో ఒక రోజు సెలవు ఉందా? ఆమె పడుకోవడానికి చాప ఎక్కడ వేసుకుంటోంది? ఇచ్చిన అడ్వాన్సు సాకుతో ఆమెను కదలనీయకుండా పెట్టుకున్నామా? కువైట్‌లోని కఫీల్‌ను అడిగే ముందు మన గుమ్మంలో అడగవలసిన ప్రశ్నలివి. ఈ జుమా నమాజుకు బయలుదేరే ముందు ఆమెకు రావలసిన జీతం లెక్క చూసి చేతిలో పెట్టి వెళ్దాం. అల్లాహ్ మనందరికీ ఆ సద్బుద్ధి ప్రసాదించుగాక. ఆమీన్.