నక్కపల్లి గేటు దగ్గర మన సీటు అడగాలి



కొండ దిగి పట్నం ఐటీఐలో చేరితే మొదటి నెలలు ఎలా ఉంటాయో చేరినోళ్ళకే తెలుసు. ఫిట్టరైతే వైస్‌లో ఇనప ముక్క బిగించి రోజంతా ఆకురాయి పట్టడమే. అరచేతులు బొబ్బలెక్కుతాయి. ఇంట్లో కువి, క్లాసులో తెలుగు, పనిముట్ల పేర్లన్నీ ఇంగ్లిష్. డ్రాయింగ్ సంగతి చెప్పక్కర్లేదు! అయినా రెండేళ్ళు నెట్టుకొస్తారు. సర్టిఫికెట్ చేతికొచ్చాక హెల్పర్ పనికి రమ్మని కాంట్రాక్టర్ ఫోన్ చేస్తాడు.

నక్కపల్లిలో బల్క్ డ్రగ్ పార్కుకి 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేశారు. ఫిట్టర్, వెల్డర్, ఎలక్ట్రీషియన్ లేకుండా అక్కడ ఒక్క పైపూ బిగదు. "ప్రైవేటులో రిజర్వేషన్ ఎక్కడిది?" అంటారు. ఉద్యోగంలో లేదు, నిజమే. అప్రెంటిస్ సీట్లలో ఉంది. 1961 అప్రెంటిస్ చట్టం సెక్షన్ 3ఏ ప్రకారం ఎస్సీ, ఎస్టీలకి యజమాని సీట్లు కేటాయించాలి. 30 మంది, ఆపైన పనిచేసే చోట అప్రెంటిస్‌లని తీసుకోవడం తప్పనిసరి. రోలుగుంట, రావికమతం వైపు మన ఊళ్ళు ఐదో షెడ్యూల్‌లో లేవని వెనక్కి తగ్గొద్దు. ఈ హక్కు ఎస్టీ మనిషికి, ఊరికి కాదు.

అప్రెంటిస్ అయితే ఉద్యోగం ఇచ్చి తీరాలని చట్టం చెప్పదు. అది వేరే పోరాటం. కానీ "అనుభవం ఉందా?" అని అడిగితే చూపించడానికి కాగితం ఉంటుంది.

పార్కు వద్దని రాజయ్యపేట మత్స్యకారులు రోడ్డెక్కారు. వాళ్ళ గొంతు నొక్కడానికి మన పేరు వాడితే ఒప్పుకోం.

సీట్లెన్ని, ఎస్టీలకెన్ని అన్నది ప్రతి కంపెనీ బోర్డు మీద రాయాలి. సోమవారం అనకాపల్లి కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో అర్జీ పెడదాం. కుల సర్టిఫికెట్, ఐటీఐ మార్కుల లిస్టు జిరాక్స్ తెచ్చుకోండి.