పడవ మునిగితేనే పాఠం

ఇనుప ముక్క మునుగుతుంది, ఇనుప ఓడ తేలుతుంది. 1912లో తొలి ఉక్కు పోసిన జంషెడ్‌పూర్‌లో ఈ తేడాను పిల్లల చేత వల్లె వేయిస్తే చాలదు. అక్కడి బిర్సానగర్ కాలనీ వేసవి శిబిరాల్లో వాళ్ల చేతే పడవలు చేయించాలి. నీటికన్నా 2.7 రెట్లు సాంద్రత ఉన్న అల్యూమినియం రేకును గాలి లేకుండా మడిచి అదిమితే మునుగుతుంది. అదే రేకును దొన్నెలా మలిస్తే తన బరువంత నీటిని పక్కకు నెట్టి తేలుతుంది. రూపాయి బిళ్లలు ఒక్కొక్కటే వేస్తూ ఎప్పుడు ఒరిగిందో, అడుగు వెడల్పు చేస్తే ఎన్ని మోసిందో పిల్లలే రాసుకుంటారు.

నీళ్లంటే ప్రమాదమని తల్లిదండ్రులు జంకడం సహజం. కానీ సువర్ణరేఖ నది దాకా వెళ్లనక్కర్లేదు. పెద్దల కళ్లెదుట ఒక టబ్బు చాలు. చదువుకు చేటన్న వాదనా నిలవదు, ఆర్కిమెడీస్ సూత్రం పాఠ్యపుస్తకంలోదే. నిర్వాహకులు బహుమతిని అందమైన పడవకు కాక, మునిగాక సరిదిద్దిన పడవకు ఇవ్వాలి.