ఏజీ అధికారం.. కలెక్టరుకూ!
ఊరి చెరువులోకి మురుగు మళ్లితే జనానికి మొదట గుర్తొచ్చేది కలెక్టరేట్. సోమవారం క్యూలో నిలబడి అర్జీ ఇస్తారు, రసీదు తీసుకుని ఇంటిముఖం పడతారు. అడ్వకేట్ జనరల్‌ (ఏజీ)కు ఉన్న దావా అధికారాన్ని అదే కలెక్టరు కూడా వినియోగించే వీలు 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోనే ఉన్న సంగతి చాలామందికి తెలియదు.

కోడ్‌లోని 91వ సెక్షన్ ప్రజలకు హాని కలిగించే చర్యలపైన, 92వ సెక్షన్ ప్రజా ధార్మిక ట్రస్టుల్లో అక్రమాలపైన దావా వేసే అధికారాన్ని ఏజీకి ఇచ్చాయి. రాష్ట్ర ప్రభుత్వ ముందస్తు అనుమతితో కలెక్టరు గానీ, ప్రభుత్వం నియమించిన మరో అధికారి గానీ దాన్ని వినియోగించవచ్చని 93వ సెక్షన్ చెబుతోంది. మద్రాసు, బొంబాయి, కలకత్తా ప్రెసిడెన్సీ పట్టణాలకే ఇది వర్తించదు. తెలుగు జిల్లాలన్నీ వాటి వెలుపలివే. ఇక్కడ అనుమతించేది ప్రభుత్వమే తప్ప ఏజీ కాకపోవడం గమనార్హం. అయినా ఏజీ అధికారం ఎక్కడికీ పోదు.

చిక్కంతా ఇక్కడే ఉంది. రాజ్యాంగం 165వ అధికరణ ప్రకారం ఏజీకి హైకోర్టు న్యాయమూర్తి కాదగిన అర్హత ఉండాలి. కలెక్టరుకు న్యాయశాస్త్ర పట్టా ఉండాలన్న నిబంధనే లేదు. పైగా ఆ మురుగు పురపాలక సంఘం కాలువదే అయితే? ప్రభుత్వ యంత్రాంగంలో భాగమైన అధికారి ఆ యంత్రాంగంపైనే కోర్టు మెట్లెక్కుతారని ఆశించడం కష్టమే. చట్టంలో వెసులుబాటు ఉన్నా, కలెక్టరుపై ఒత్తిడి తెచ్చే మార్గం అందులో లేదు.

అలాగని ప్రజలకు దారి మూసుకుపోలేదు. 1976 సవరణకు ముందు పౌరులు ఇలాంటి దావా వేయాలంటే ఏజీ లిఖితపూర్వక సమ్మతి తప్పనిసరి. 1977 ఫిబ్రవరి 1 నుంచి కోర్టు అనుమతి చాలు. 91వ సెక్షన్ కింద ఇద్దరు కలిస్తే సరిపోతుంది. తమకు ప్రత్యేకంగా నష్టం జరిగిందని చూపనక్కర్లేదు. ట్రస్టు వ్యవహారమైతే మాత్రం అందులో వారికి ప్రయోజనం ఉండాలి. దేవాదాయ చట్టం పరిధిలోని సంస్థల సంగతి వేరు.

ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ ద్వారా ఉపద్రవాన్ని తొలగింపజేసే మార్గమూ ఉంది. ఒకప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133వ సెక్షన్ స్థానంలో 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ అమల్లోకి వచ్చింది.

కలెక్టరే దావా వేయాలని కోరేవారు, తమ జిల్లాకు 93వ సెక్షన్ కింద ప్రభుత్వ అనుమతి ఉందో లేదో ముందుగా తెలుసుకోవాలి. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద ఆ ఉత్తర్వు ప్రతిని అడగవచ్చు.